రాత్రిపూట ఒంటరిగా వెళ్లేటప్పుడు ఆత్మరక్షణకి ఏం పట్టుకెళ్లాలి, ఎలా వాడాలి

బ్యాగులో పెప్పర్ స్ప్రే ఉంది కదా అని నేను మూడేళ్లు ధైర్యంగా తిరిగాను. ఒకరోజు రాత్రి డ్యూటీ అయిపోయి నడిచి వస్తుంటే వెనక అడుగుల చప్పుడు, నేను ఆగితే ఆగుతోంది, నేను నడిస్తే మళ్లీ మొదలవుతోంది. చెయ్యి బ్యాగులో పెట్టాను. చార్జర్ వైరు తగిలింది, గొడుగు తగిలింది, టిష్యూల ప్యాకెట్ తగిలింది, స్ప్రే మాత్రం తగల్లేదు. ఆ మనిషి పక్క సందులోకి తిరిగి వెళ్లిపోయాడు కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చాక అదే బ్యాగు, అదే స్ప్రే, ఫోన్‌లో టైమర్ పెట్టి తీసి చూశాను. పదకొండు సెకన్లు పట్టింది. అదీ ఇంట్లో, లైటు వెలుతుర్లో, ఏ భయమూ లేకుండా.

పదకొండు సెకన్లంటే ఎంతో తెలియాలంటే ఇది చూడండి. 1983లో డెన్నిస్ టుయెలర్ అని అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు ఒకాయన లెక్క చూపించాడు, మామూలు మనిషి 21 అడుగుల దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి మీద పడటానికి ఒకటిన్నర సెకను చాలు అని. ఆ టైములో నేను బ్యాగు జిప్పు కూడా పూర్తిగా లాగలేను. అందుకే ఏ కంపెనీది కొన్నాం, ఎంత ఘాటుది కొన్నాం అన్నదాని కంటే అది ఇప్పుడు చేతిలో ఉందా, ఆ చేతికి దాన్ని వాడిన అలవాటు ఉందా అన్నదే నాకు ముఖ్యం అనిపిస్తుంది. ఇంకోటి, దీని పని ఎదుటివాణ్ని కొట్టి ఓడించడం కాదు, మీరు పరిగెత్తడానికి నాలుగు సెకన్లు సంపాదించి పెట్టడం, అంతే. కింద రాసిందంతా ఆ నాలుగు సెకన్ల కోసమే.

1. కొనే ముందు చట్టం చూస్కోండి

చాలామంది ఇది వదిలేస్తారు, ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా లీగలే అయ్యుంటుంది అనుకుంటారు. అలా ఏం లేదు, దేశాన్ని బట్టి మొత్తం మారిపోతుంది. ఇండియాలో పెప్పర్ స్ప్రే లైసెన్స్ లేకుండా కొనుక్కోవచ్చు. బ్రిటన్‌లో అయితే అదే డబ్బా 1968 నాటి తుపాకుల చట్టం కింద నిషేధించిన ఆయుధం, చదువుకోడానికో ఉద్యోగానికో వెళ్తూ సూట్‌కేసులో ఒక మూల పడేసుకుని వెళ్లినా నేరమే. కెనడాలో మనుషుల మీద వాడటానికని తయారుచేసిన స్ప్రే నిషేధం, సింగపూర్‌లోనూ కుదరదు. జర్మనీలో జంతువుల్ని తరమడానికి అని లేబుల్ వేసి అమ్ముతారు. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఒప్పుకుంటారు గానీ వయసు రూలు, డబ్బా సైజు రూలు రాష్ట్రానికొకటి, కాలిఫోర్నియాలో 2.5 ఔన్సులు దాటకూడదు. ఇక విమానంలో క్యాబిన్ బ్యాగులో మాత్రం పెట్టుకోవద్దు, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, మర్చిపోయి పెట్టుకున్నా అనవసరంగా ప్రశ్నలు ఎదుర్కోవాలి. ప్రయాణానికి ముందురోజు తాళాల గుత్తి, హ్యాండ్‌బ్యాగు, కోటు జేబు ఒకసారి తడిమి చూస్కోండి.

దాదాపు అన్ని చోట్లా చట్టం ఆత్మరక్షణ హక్కు ఇస్తుంది, కానీ దానికో హద్దు ఉంటుంది. ప్రమాదం ఉన్నంతసేపే, ప్రమాదానికి తగ్గంత బలమే వాడాలి. వాడు కిందపడి కళ్లు మూసుకుని దగ్గుతుంటే కోపం ఆపుకోలేక ఇంకోసారి కొట్టారనుకోండి, అప్పుడది ఆత్మరక్షణ కాదు అంటారు.

2. ఏది తీస్కోవాలి

నన్నడిగితే మొదట కొనాల్సింది పర్సనల్ అలారం. బ్రిటన్‌తో సహా చాలా చోట్ల లీగల్ తలనొప్పి లేనిది ఇదే. చిన్న పిన్ను లాగితే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, మామూలుగా 120 నుంచి 130 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది, దగ్గర్నుంచి వింటే చెవి నొప్పి పుట్టే స్థాయి అది. మన గొంతుతో అరవొచ్చు కదా అంటారు, అరవగలిగితే మంచిదే, కానీ భయం వేసినప్పుడు గొంతు పట్టేస్తుంది, నోరు తెరుస్తాం గానీ శబ్దం రాదు, అది మీ తప్పు కాదు, శరీరం అలాగే చేస్తుంది. అలారానికి ఆ ఇబ్బంది లేదు. పైగా ఎదుటివాడు లాక్కున్నా దాంతో మిమ్మల్ని ఏం చెయ్యలేడు, ఈ ఒక్క మాట మిగతా ఏ ఆయుధం గురించీ చెప్పలేం. బ్యాటరీ చూస్తూ ఉండాలి, నెలకోసారి పిన్ను లాగి సౌండ్ తగ్గిందేమో వినండి. విజిల్ కూడా మంచిదే, లోపల గోళీ లేని రకం తీస్కోండి, గోళీ ఉన్నది తడిసినా దుమ్ము పట్టినా ఇరుక్కుంటుంది.

తర్వాత టార్చ్. ఫోన్ లైటు కాదు, అరచేతిలో పట్టే చిన్న టార్చ్, వెనక బటన్ నొక్కితే ఒక్కసారిగా ఫుల్ వెలుగు ఇచ్చేది. చీకటికి అలవాటుపడ్డ కంట్లో గట్టి లైటు పడితే ఆ చూపు పోతుంది, మళ్లీ పూర్తిగా చీకటికి సర్దుకోడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఇది ఎక్కువ ఉపయోగపడేది అసలు దాడి జరగక ముందే, ఆ మూల ఎవరున్నారు, కారు వెనక సీట్లో ఏముంది, మెట్ల కింద ఏముంది అని దూరం నుంచే చూసేస్తారు.

పెప్పర్ స్ప్రే లీగల్ అయిన చోట అది తీస్కోండి. అందులో ఉండేది మిరపకాయల నుంచి తీసిన నూనె లాంటి పదార్థం, కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, ముక్కు కారుతుంది, దగ్గు ఆగదు, మామూలుగా 15 నుంచి 45 నిమిషాలు ఆ ప్రభావం ఉంటుంది. డబ్బా మీద స్కోవిల్ యూనిట్లు లక్షల్లో రాసి మురిపిస్తారు. అది 1912లో విల్బర్ స్కోవిల్ అనే ఆయన మిరపకాయల ఘాటు కొలవడానికి పెట్టిన లెక్క. కంపెనీలు రాసే నంబర్ చాలాసార్లు డబ్బాలోకి పొయ్యక ముందు ముడిసరుకుది, మీ చేతిలోంచి బయటికి వచ్చేదాని ఘాటు ఎంతో అది చెప్పదు. దాని బదులు మేజర్ క్యాప్సైసినాయిడ్స్, అంటే అసలు మంట పుట్టించే పదార్థాలు, ఎంత శాతం అని చూడండి, మంచి కంపెనీలు అది రాస్తాయి, 1.33 శాతం అంటే గట్టిదే.

ఘాటు కన్నా ముఖ్యమైనది అది ఎలా బయటికొస్తుంది అన్నది. పొగలా వచ్చే రకం గురి సరిగా లేకపోయినా తగులుతుంది కానీ గాలి మీ వైపు వీచిందంటే మీ కళ్లలోకే వస్తుంది, లిఫ్టులోనో కారులోనో అయితే ఇద్దరికీ తగిలినట్టే. సన్న ధారలా వచ్చేది దూరం పోతుంది, గురి కావాలి. జెల్ రకం గాలికి పెద్దగా చెదరదు, మూసి ఉన్న చోట కూడా కాస్త నయం, కాకపోతే సరిగ్గా మొహం మీద పడితేనే పని. రోజూ మీరు ఎటు నడుస్తారో ఆలోచించి తీస్కోండి, నేను జెల్ వాడతాను. చిన్న డబ్బాలు చాలావరకు రెండు నుంచి నాలుగు మీటర్ల దూరం కొడతాయి. ఇంకా మూత చూడండి, బొటనవేలితో తిప్పే లాక్ కానీ పైకి లేపే లాక్ కానీ ఉండాలి. ఒకసారి లాక్ సరిగా లేని డబ్బా నా బ్యాగులోనే నొక్కుకుపోయింది, బస్సులో కూర్చున్నాను, గుడ్డంతా నారింజ రంగు మరక, నాతోపాటు నా చుట్టూ ఉన్న నాలుగు సీట్లవాళ్లు దగ్గుతూ దిగిపోవాల్సి వచ్చింది, వాళ్లలో ఒక పెద్దావిడకి ఊపిరి అందక చాలా ఇబ్బంది పడ్డారు. ఆ రోజు నుంచి కొనేటప్పుడు ముందు లాకే చూస్తాను.

స్టన్ గన్, అంటే ఒంటికి ఆనిస్తే కరెంటు షాక్ ఇచ్చే పరికరం, నేను కొనమని చెప్పను. సినిమాల్లో చూపించినట్టు తగలగానే పడిపోరు, అది పనిచెయ్యాలంటే వాడి ఒంటికి ఆనించి కాసేపు నొక్కి పట్టాలి, అంటే వాడి చేతికి అందేంత దగ్గరికి మీరే వెళ్లాలి, మందం బట్టలుంటే అదీ సరిగా తగలదు. దూరం నుంచి తీగలు విసిరే టేజర్ వేరే వస్తువు, ఖరీదు ఎక్కువ, చాలా దేశాల్లో మామూలు జనానికి ఇవ్వరు.

కత్తి వద్దు. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. కత్తి కూడా చెయ్యి అందేంత దూరంలోనే పనిచేస్తుంది, బలంగా ఉన్నవాడు మణికట్టు పట్టుకుంటే అది మీ మీదకే తిరుగుతుంది, పైగా బ్రిటన్ లాంటి చోట ఆత్మరక్షణకి పెట్టుకున్నాను అని మీరు చెప్పే మాటే మీ మీద కేసుకి ఆధారం అవుతుంది. అలాగే తాళం చెవులు వేళ్ల సందుల్లో పెట్టుకుని గుద్దమని అందరూ చెప్తుంటారు, చేసి చూడండి, దిండు మీద గుద్దినా చెవి వెనక్కి తన్ని మీ వేళ్ల మధ్యే గుచ్చుకుంటుంది. చేతిలో తాళం గుత్తి తప్ప ఏం లేకపోతే దాన్ని పిడికిట్లో గట్టిగా బిగించి, సుత్తితో మేకు కొట్టినట్టు పైనుంచి కిందికి కొట్టండి.

3. ఎక్కడ పెట్టుకోవాలి

బ్యాగు అడుగున ఉన్నది లేనట్టే లెక్క. ఆఫీసు గుమ్మం దాటకముందే, బస్సు దిగకముందే, కారు తలుపు తియ్యకముందే తీసి చేతిలో పట్టుకోండి. ఎవరో ఏమో అనుకుంటారని మొహమాటపడొద్దు, చిన్న డబ్బా పిడికిట్లో ఎవరికీ కనపడదు, కోటు జేబులో చెయ్యి పెట్టి పట్టుకున్నా చాలు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు కుడిచేత్తో స్ప్రే, ఎడమచేత్తో ఫోన్ కానీ టార్చ్ కానీ. అలారం బ్యాగు పట్టీకి గుండె ఎత్తులో తగిలించుకోండి, ఏ చేత్తో అయినా లాగగలగాలి. భుజం మీద సంచీ బరువెక్కువ అయితే రెండు చేతులూ అక్కడే ఇరుక్కుంటాయి, రాత్రి తిరిగొచ్చే రోజు సామాను తగ్గించుకోండి.

స్ప్రే ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. 50 డిగ్రీలు దాటితే డబ్బా పగలొచ్చు, మరీ చలిలో పెడితే లోపల ప్రెజర్ తగ్గి దూరం కొట్టదు. ఇంట్లో పిల్లలుంటే ఇంటికి రాగానే వాళ్లకి అందని ఎత్తులో ఒకే చోట పెట్టండి, ఎప్పుడూ అదే చోట, అప్పుడే మర్నాడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

4. ప్రాక్టీస్, ఇది లేకపోతే మిగతాదంతా వృథా

భయం వేసినప్పుడు గుండె దడదడలాడుతుంది, వేళ్ల చివర్లు మొద్దుబారతాయి, సన్న పనులేవీ చేతకావు, కాబట్టి చెయ్యి దానంతటదే కదిలేలా ముందే నేర్పాలి. ప్రాక్టీసు కోసం మందు లేకుండా ఒట్టి నీళ్లు నింపిన డబ్బాలు అమ్ముతారు, అసలుదాని సైజుదే ఒకటి తీస్కోండి. పట్టుకోవడం ఇలా, నాలుగు వేళ్లూ డబ్బా చుట్టూ పిడికిలిలా, బొటనవేలు పైన మీట మీద. హెయిర్ స్ప్రే కొట్టినట్టు చూపుడువేలితో నొక్కొద్దు, అలా పట్టుకుంటే ఎవరైనా తడితేనే జారిపోతుంది. రెండో చెయ్యి ముందుకి చాచి ఉంచండి, దూరం పెట్టడానికి.

గోడ మీద మొహమంత కాగితం అతికించండి, మీ కళ్ల ఎత్తు కంటే కొంచెం పైన. జేబులోంచి తియ్యడం, లాక్ తిప్పడం, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా కళ్ల మీదుగా గీత గీసినట్టు ఒక సెకను కొట్టడం, వెంటనే రెండడుగులు పక్కకి జరగడం. పక్కకి జరగడం మర్చిపోవద్దు, కళ్లు కనపడనివాడు చివరిసారి మిమ్మల్ని ఎక్కడ చూశాడో అక్కడికే దూకుతాడు. ముందు మెల్లగా పది సార్లు, తర్వాత టైమర్ పెట్టి, తర్వాత లైటు ఆపేసి, తర్వాత నాలుగు మెట్లు ఎక్కి దిగి ఆయాసంలో. నాకు పదకొండు సెకన్ల నుంచి రెండు సెకన్లకి రావడానికి మూడు వారాలు పట్టింది, రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు. ప్రతిసారీ నోటితో కూడా "ఆగు! దగ్గరికి రావద్దు!" అని గట్టిగా అనండి, గొంతుకి కూడా ప్రాక్టీస్ కావాలి, మొదట్లో సిగ్గనిపిస్తుంది, తలుపులు వేస్కుని అనండి.

వీలైతే ఒక సెల్ఫ్ డిఫెన్స్ క్లాసుకి వెళ్లండి. ఇది ఊరికే చెప్పట్లేదు. కెనడాలో చార్లీన్ సెన్ అనే ప్రొఫెసర్ టీమ్ మూడు యూనివర్సిటీల్లో 893 మంది అమ్మాయిలతో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. ఒక గ్రూపుకి 12 గంటల ట్రైనింగ్ ఇచ్చారు, ప్రమాదాన్ని ముందే గుర్తుపట్టడం, మొహమాటం వదిలి వద్దు అని చెప్పడం, ఒంటితో ఎదుర్కోవడం ఇవన్నీ కలిపి. ఇంకో గ్రూపుకి బ్రోషర్లు ఇచ్చి ఊరుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే బ్రోషర్లు తీసుకున్నవాళ్లలో 9.8 శాతం మంది మీద అత్యాచారం జరిగింది, ట్రైనింగ్ తీసుకున్నవాళ్లలో 5.2 శాతం. దాదాపు సగానికి తగ్గింది, వాళ్ల చేతిలో ఏ డబ్బా పెట్టకుండానే.

ఆ ట్రైనింగ్ ముఖ్యంగా తెలిసినవాళ్ల నుంచి వచ్చే ప్రమాదం గురించి, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనం రాత్రి, చీకటి, ముక్కూమొహం తెలియనివాడు అనే ఆలోచిస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్కల్లో ప్రపంచంలో ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసో లైంగిక హింసో ఎదుర్కొన్నారు, అందులో ఎక్కువ భాగం భర్త లేదా భాగస్వామి చేతిలోనే. కాబట్టి లిఫ్ట్ ఇస్తానన్న కొలీగ్ రూటు మార్చినా, తెలిసినవాడే కదా అని నోరు మూస్కోవద్దు. బండి ఆపు అని చెప్పడానికీ, దిగిపోవడానికీ, అలారం పిన్ను లాగడానికీ మీకు హక్కుంది, తర్వాత వాడు ఏమనుకుంటాడో అన్నది తర్వాత సంగతి.

5. ఫోన్ రెడీ చేస్కోండి

ఇది పది నిమిషాల పని. ఐఫోన్‌లో, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ అని ఉంటుంది, పవర్ బటన్ వరసగా ఐదుసార్లు నొక్కితే కాల్ వెళ్లేలా ఆన్ చెయ్యండి, ఇద్దరి నంబర్లు పెట్టండి, వాళ్లకి లొకేషన్ వెళ్తుంది. ఆ ఇద్దరూ రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టేవాళ్లు కాకుండా చూస్కోండి. 112 నంబర్ ఇండియాలోనూ యూరప్‌లోనూ పనిచేస్తుంది, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడవొద్దు, కనీసం ఒకటి తీసెయ్యండి, నాకు ఆ రోజు అడుగుల చప్పుడు వినపడింది చెవులు ఖాళీగా ఉండబట్టే.

6. నిజంగా ఆ క్షణం వస్తే

అనుమానం రాగానే, ఇంకా దూరంగా ఉన్నప్పుడే, రోడ్డు దాటండి, వెలుతురు ఉన్న చోటికి, జనం ఉన్న చోటికి తిరగండి. ఇంకా వెంటొస్తుంటే తిరిగి వాడి మొహం చూడండి, చూశాను అని వాడికి తెలియాలి, చెయ్యి చాచి గట్టిగా ఆగు అనండి, అలారం లాగి పక్కకి విసిరెయ్యండి, వాడు దాన్ని ఆపడానికి వెళ్లాలా మీ వెంట రావాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది. పర్సు అడిగితే ఇచ్చెయ్యండి, ఇటు పర్సు విసిరి అటు పరిగెత్తండి, వస్తువు కోసం ప్రాణం పెట్టొద్దు. మీ మీదకే వస్తున్నాడంటే మాత్రం మీద పడేదాకా ఆగొద్దు, రెండు మూడు మీటర్లలో ఉండగానే మొహం మీద కొట్టండి, పక్కకి జరగండి, పరుగు తియ్యండి. పనిచేసిందా లేదా అని నిలబడి చూడొద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లకి, తాగి ఉన్నవాళ్లకి ఒక్కోసారి స్ప్రే సరిగా ఎక్కదు, ఇద్దరు ముగ్గురుంటే అసలే కష్టం, అప్పుడు కాళ్లకే పని చెప్పాలి.

కాళ్లు చేతులు ఆడక అలాగే బిగుసుకుపోయారనుకోండి, ఏమీ చెయ్యలేకపోయారనుకోండి, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. అది కూడా శరీరం ప్రాణం కాపాడుకునే పద్ధతే. తప్పంతా దాడి చేసినవాడిది.

7. తర్వాత

సేఫ్ చోటికి చేరగానే పోలీసులకి మీరే ముందు ఫోన్ చెయ్యండి, ఎక్కడ, ఎన్నింటికి, వాడు ఏం చేశాడు, మీరు ఎందుకు స్ప్రే చెయ్యాల్సి వచ్చింది చెప్పండి. వాడు ముందు వెళ్లి నా మీద స్ప్రే కొట్టింది అని చెప్తే కథ తిరగబడుతుంది. వాడిన డబ్బా పారెయ్యొద్దు, గుర్తున్నవన్నీ అదే రాత్రి ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

మీ కళ్లలో కూడా పడితే రుద్దొద్దు, ఎంత మండినా రుద్దొద్దు. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేసి పారెయ్యండి, గాలి తగిలే చోటికి వచ్చి ధారగా నీళ్లతో 15 నిమిషాలు కడగండి, మొహానికి పిల్లల షాంపూ వాడొచ్చు, బట్టలు మార్చండి. పాలు పోస్తే తగ్గుతుందని చెప్తారు, 2008లో వాలంటీర్ల మీద పాలు, నీళ్లు, పిల్లల షాంపూ, ఇంకో రెండు మందులు పోల్చి చూస్తే దేనికీ పెద్ద తేడా కనపడలేదు, కాబట్టి పాల కోసం వెతుక్కోకుండా దగ్గరున్న నీళ్లు వాడండి. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంకో చిన్న పని, ఇప్పుడే చెయ్యొచ్చు. మీ దగ్గర స్ప్రే ఉంటే దాని అడుగున తేదీ చూడండి, మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లే, ఆ తర్వాత మందు ఘాటుగానే ఉన్నా తోసే గ్యాస్ కారిపోయి మొహం దాకా రాకుండా చేతి ముందే కారుతుంది. ఆ తేదీకి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. కొత్తది వచ్చాక పాతదాన్ని చెత్తలో వెయ్యకుండా, ఎవరూ లేని ఖాళీ జాగాలో గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుండగా ఒకసారి కొట్టి చూడండి, అసలు మందు ఎంత దూరం పోతుందో, గాలికి ఎటు తిరుగుతుందో మీ కళ్లతో మీరు చూస్తారు.